పూత లేని గోడ

గోడ మీద రాయడానికి ముందే యోహాను ఆ ఇంటివాళ్ళను మంచినీళ్ళు అడిగి తాగేవాడు. రాసిన తర్వాత ఎవరూ ఇవ్వరని మొదటి నెలలోనే తెలిసొచ్చింది.

ఫైనాన్స్ కంపెనీ వాళ్ళు చీటీ ఇస్తారు. చీటీలో ఊరు, ఇంటి యజమాని పేరు ఉంటాయి. 'ఈ ఇల్లు మా కంపెనీకి తనఖాలో ఉన్నది. ఎవరూ కొనరాదు' అన్న రెండు వాక్యాలు, కింద అప్పు తీసుకున్నవాడి పేరు రాయాలి. నీలం పొడి పూసిన దారాన్ని గోడకు అదిమి, మధ్యలో పట్టి వదిలితే గీత పడుతుంది. దాని మీద జానెడుకు మూడక్షరాల లెక్కన సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటాడు. తర్వాత ఎర్ర రంగు. పేరు మాత్రం అన్నిటికంటే ఆఖరున రాస్తాడు. పేరు పడేదాకా ఆ ఇంటి ఆడవాళ్ళు ఏదో ఒకటి జరిగి ఆగిపోతుందన్నట్టు నిలబడి చూస్తుంటారు.

"నీకు పాపమనిపియ్యదా?" అని భార్య మల్లిక ఒకసారి అడిగింది.

"నేను రాయకుంటె ఇంకోడు రాస్తడు. వాని అక్షరాలు వంకరపోతయి" అన్నాడు.

ఇదీ ఒక జవాబేనా అంటే కాదు. కడుపుకు మాత్రం ఏదో ఒక జవాబు చెప్పుకోవాలి కదా.

ఆ గురువారం పొద్దున నార్కట్‌పల్లి చౌరస్తాలో, హోటల్ ముందు బెంచీ మీద రికవరీ మనిషి విజేందర్ అతనికి చాయ్ ఇప్పించాడు. చీటీ ఇవ్వలేదు. ఫోన్ తీసి ఫొటో చూపించాడు.

"గీ ఇల్లు మీ ఊర్లనే అంట. రేపు తాళం పడ్తది. నువ్వు ఇయ్యాల్నే రాసి పెట్టాలె."

యోహాను ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. చిలకాకుపచ్చ గోడ. నీలం తలుపు. తలుపు చుట్టూ చిక్కుడు తీగ, తీగకు ఊదారంగు పూలు. ఆ పూలు వేయడానికి మూడు ఆదివారాలు పట్టింది. పనులడిగే వాళ్ళకు చూపించడానికి ఉంటుందని తన చేతిపని అంతా తన ఇంటి గోడ మీదే పెట్టాడు. ఆ గోడ ముందు ప్లాస్టిక్ కుర్చీలో పక్కింటి కృష్ణయ్య కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ.

యోహానుకు నవ్వొచ్చింది. "సార్, గిది మా ఇల్లు."

"అవ్, అందరు గట్లనే అంటరు."

"నవ్వులాటకు కాదు సార్. గోడ నాది. కుర్చీ మా అమ్మది. ఆ అంగి గూడ నాదే. అండ్ల ఉన్న మనిషొక్కడే నాకు కాడు."

జరిగింది అదే. మూడేళ్ళ కిందట లోన్ కోసం ఇంటి ఫొటో తీయడానికి కంపెనీ మనిషి వచ్చాడు. కృష్ణయ్య ఇల్లు ఇటుకల మీదే ఆగిపోయి ఉంది, సిమెంటు పూత లేదు. అట్లా దిగితే లోన్ రాదేమోనని భయపడి, "అన్నా, జర మీ గోడ ముంగట దిగుత" అన్నాడు. దానిదేముంది, పెళ్ళికి పోయేవాడు పక్కింటి గడియారం పెట్టుకుపోవడం లేదా? యోహాను అంగీ కూడా తీసిచ్చాడు. తల్లి గుర్వమ్మ లోపలినుంచి కుర్చీ తెచ్చి వేసింది. కంపెనీ మనిషి ఎండలో నిలబడి ఒక్క ఫొటో కొట్టి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. ఏ ఇల్లు ఎవరిదో అడగలేదు. గోడ మీద పంచాయతీ వేసిన ఇంటి నంబరు ఉంటే చూసేవాడేమో. రంగు వేసినప్పుడు దాని మీద బ్రష్ తిప్పింది యోహానే.

విజేందర్ ఫోన్ వెనక్కి తీసుకున్నాడు. "సరే, గిది నీదే అనుకుందం. మరి కృష్ణయ్య ఇల్లేది? చూపియ్యి."

యోహాను చాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. తన ఇంటికి పడమట, చెయ్యి చాపితే తగిలేంత దూరం. కృష్ణయ్య లారీ మీద మహారాష్ట్ర పోయి నాలుగు నెలలైంది, ఫోన్ కలవదు. ఇంట్లో భార్య సావిత్రమ్మ ఒక్కతే. హైవే మీద హోటల్లో ఉల్లిగడ్డలు కోసి బతుకుతోంది. ఆ ఇంటి వైపు వేలు ఎట్లా చూపిస్తాడు?

"నాకు తెల్వదు సార్" అన్నాడు.

విజేందర్ నవ్వాడు. "అంగి ఇచ్చినోని ఇల్లు తెల్వదా? మంచిగ చెప్పినవ్ తియ్."

ఆ ఒక్క అబద్ధంతో, అంతకుముందు చెప్పిన నిజాలన్నీ కొట్టుకుపోయాయి.

మర్నాడు పదిన్నరకు తెల్ల కారు వచ్చింది. కోర్టు పంపిన కమిషనర్ అని ఒక నల్లకోటు ఆయన, ఇద్దరు పోలీసులు, విజేందర్. కమిషనర్ కాగితం చదివాడు, ఫొటో చూశాడు, గోడ చూశాడు. ఫొటోకు గోడకు సరిపోయింది. ఆయన పని ఆయనకు అయిపోయింది.

"సార్, మాకు అప్పు లేదు. ఒక్క నోటీసన్న రాలేదు" అని యోహాను ఆయన వెంట నడిచాడు.

"వచ్చినయి. రెండుసార్లు అతికించిండ్రు. ఫొటోలున్నయి" అన్నాడు విజేందర్.

అప్పుడర్థమైంది యోహానుకు. ఆదివారాలు ఇంటిల్లిపాదీ చర్చికి పోతారు. అతికించారు, ఫొటో తీసుకున్నారు, పీక్కొని పోయారు. నీలం తలుపు మీద గమ్ము మరక ఒకటి కనబడితే, ఆడుకోవడానికొచ్చిన పిల్లలెవరో స్టిక్కర్ అంటించారని తనే తడిగుడ్డతో తుడిచాడు.

పావుగంట టైమిచ్చారు. మల్లిక బియ్యం డబ్బా, పొయ్యి, బట్టల మూట బయటికి తెచ్చింది. యోహాను మూడుసార్లు లోపలికి పోయి రంగు డబ్బాలు, బ్రష్షులు, నిచ్చెన తెచ్చాడు. చెయ్యి అలవాటు కొద్దీ పనిముట్ల మీదికే పోయింది. ఇంటి పట్టా ఉన్న ట్రంకుపెట్టె మంచం కిందే ఉండిపోయిందని తాళం పడ్డాక గుర్తొచ్చింది. సర్కారు ఆ జాగాను గుర్వమ్మ పేరు మీద ఇచ్చిన ఒకే ఒక్క కాయితం అది. తలుపు తీయమంటే కమిషనర్ సీలు వేశాక తీయరాదన్నాడు.

గుర్వమ్మకు మోకాళ్ళు వంగవు. పోలీసులే ఆమెను కుర్చీతో సహా ఎత్తి రోడ్డు మీద పెట్టారు. ఆ కుర్చీలోనే కృష్ణయ్య ఫొటో దిగింది.

"ఇంక నాలుగు దినాలైతే నేనే పోదును. అప్పుడేస్తే కాకపోవునా బిడ్డా, తాళం?" అని ఆమె పోలీసును అడిగింది. ఆ కుర్ర పోలీసు కుర్చీ కదలకుండా కాలు కింద రాయి పెట్టాడు.

యోహాను రాయనన్నాడు కాబట్టి విజేందర్ ఎవరినో బండి మీద తెచ్చుకున్నాడు. వాడు దారం కొట్టలేదు, గుర్తులు పెట్టలేదు. చిక్కుడు పూల మీదినుంచి ఎర్ర రంగు లాగాడు. 'తనఖా' అన్న మాట దగ్గరికొచ్చేసరికి జాగా చాలక 'ఖా' కిందికి జారింది. ఇల్లు పోయిన దుఃఖంలో కూడా యోహాను కళ్ళు ఆ జారిన అక్షరం మీదనే నిలిచిపోయాయి. నీళ్ళు అడిగే ధైర్యం వాడికీ లేకపోయింది.

ఇంత జరుగుతున్నా పక్కింటి తలుపు తెరుచుకోలేదు. కిటికీ పరదా అంచును మాత్రం ఒక చెయ్యి పట్టుకుని ఉంది. ఆ చేతికి రెండే గాజులు. కారు వెళ్ళిపోయాక ఆ చెయ్యి కూడా లోపలికి పోయింది.

ఆ సాయంత్రం నుంచి ఆ ఇళ్ళ వెనక సందులో ఉన్న చర్చి అరుగే ఇల్లయింది. వాన పడకుండా పైన కట్టుకోవడానికి పాస్టర్ తాడిపత్రి ఇచ్చాడు. శ్రావణం ముసురు ఒకటి, వదలకుండా పట్టుకుంది. గుర్వమ్మకు దగ్గు మొదలైంది.

శనివారం నల్లగొండలో కంపెనీ ఆఫీసుకు పోయాడు యోహాను. మేనేజర్ పరమేష్ కుర్చీ చూపించాడు, చాయ్ తెప్పించాడు. మర్యాదస్తుడు. పెద్ద నష్టాలు చేసేవాళ్ళు చాలామంది మర్యాదస్తులే.

"పొరపాటు జరిగిందేమో, నేను కాదంటలేను. మీరొక సంతకం పెట్టండి, రేపే తాళం తీపిస్త" అని టైపు చేసిన కాయితం ముందుకు జరిపాడు.

యోహాను అక్షరాల మనిషి. రెండుసార్లు చదివాడు. అందులో ఇట్లా ఉంది: నేనూ కృష్ణయ్యా కలిసి, తప్పుడు ఫొటో ఇచ్చి, కంపెనీని మోసం చేశాము. కృష్ణయ్య అసలు ఇల్లు మా ఇంటికి పడమట ఉన్నది, నేనే చూపించాను. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు. దీని మీద ఏ కోర్టుకూ పోను.

"సోమవారం దాకా టైమియ్యండి సార్."

"తీసుకోండి. మీ అమ్మగారికి దగ్గంట కదా, విజేందర్ చెప్పిండు" అన్నాడు పరమేష్.

పాస్టర్ చెప్పిన ఆనవాలు పట్టుకుని కోర్టు ముందు జిరాక్స్ షాపు పక్కన వకీలు సుహాసినిని కలిశాడు. ముప్పై ఏళ్ళుంటాయి. టిఫిన్ డబ్బా మూత పెట్టి అంతా విన్నది.

"ఆ కాయితం మీద సంతకం పెడితే రేపు తాళం తీస్తరు. ఎల్లుండి అదే కాయితం పోలీస్ స్టేషన్ల ఇస్తరు. తప్పు చేసింది వాళ్ళు, దొంగలైతరు మీరిద్దరు" అంది.

"మరేం జెయ్యాలె మేడం?"

"హైదరాబాద్ల ఇసుంటి అప్పుల కేసులు చూసే ట్రిబ్యునల్ ఉంది. నలభై ఐదు రోజుల లోపల మనం పోవచ్చు. నోటీసు సరిగ్గ ఇయ్యకుండ ఇల్లు పట్టుకుంటే, తిరిగి ఇప్పించే అధికారం దానికున్నది. కని చేతిల కాయితం ఉండాలె. మీ పట్టా లోపలుంది. తహసీల్ ఆఫీసుల నకలు కావాలంటే నెల పడ్తది." ఆమె పెన్ను తీసింది. "కృష్ణయ్య ఇంటికి తూర్పున ఎవరున్నరు?"

"మేమే."

"లోన్ కాయితంల నాలుగు దిక్కుల హద్దులు రాస్తరు. తూర్పు హద్దు గుర్వమ్మ ఇల్లు అని వాళ్ళే రాసుకొని ఉంటరు. అంటే, ఇంటిని ఇడిచిపెట్టి హద్దును జప్తు చేసిండ్రు. ఆ ఒక్క లైను చూపిస్తే చాలు."

యోహాను ప్రాణం లేచొచ్చింది. "గా కాయితం యాడుంటది?"

"ఒకటి కంపెనీల. అడిగినా ఇయ్యరు. ఇంకోటి కృష్ణయ్య ఇంట్ల." సుహాసిని గొంతు తగ్గించింది. "అబద్ధం చెప్పను. ఆ కాయితం బయటికొస్తే వాళ్ళిల్లు ఏదో కూడ బయటవడ్తది. తర్వాత వాళ్ళ గతేందో నేను చెప్పలేను."

ఆదివారం పొద్దున్నే పక్కింటి తలుపు కొట్టాడు. సావిత్రమ్మ హోటల్ పనికి బయలుదేరుతోంది. అతన్ని చూసి గడప మీదనే ఆగిపోయింది. ఇటుకల సందుల్లో సిమెంటు రాలి, గోడ నిండా చీమల బారులు. యోహాను ఆ గోడను చూస్తూ తనకు కావలసింది చెప్పాడు. ఏదీ దాచలేదు. వకీలు చివర్న చెప్పిన మాట కూడా చెప్పాడు.

"నువ్వేం అడుగుతున్నవో నీకు ఎరుకేనా అన్నా?" అంది సావిత్రమ్మ.

"ఎరుకనే చెల్లె."

"నా ఇంటి తాళంచెవి నన్నే తెచ్చియ్యమంటున్నవ్. ఆయన యాడున్నడో, ఉన్నడో లేడో తెల్వదు. గీ నాలుగు గోడలు గూడ పోతే నేను యాడ పండాలె?" ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిగడ్డల వల్లనా ఏడుపు వల్లనా అంటే, రెండూ అలవాటైన కళ్ళు. "నేనియ్యలేను. నన్ను తిట్టు. కొట్టు. నేనియ్యలేను."

యోహాను తిట్టలేదు. చర్చి అరుగు మీదికి తిరిగొచ్చి కూర్చున్నాడు. మల్లిక మాత్రం ఊరుకోలేదు.

"మన అంగిచ్చినం. గోడిచ్చినం. ఇంకేమియ్యాలె వాళ్ళకు? మంచోనివనిపిచ్చుకోనీకి ముసలామెను వానల పండవెడ్తవా? ఆనాడే వేలు చూపిస్తే అయిపోవు గదా!"

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. గుర్వమ్మ తాడిపత్రి కింద ముడుచుకుని దగ్గుతోంది. దగ్గినప్పుడల్లా తాడిపత్రి మీది నీళ్ళు జారి ఆమె కాళ్ళ మీదే పడుతున్నాయి. యోహాను లేచి తాడు బిగించాడు. మళ్ళీ వదులైంది. మళ్ళీ బిగించాడు. మనుషులు ఎందుకు మంచితనం వదిలేస్తారో అతనికి అప్పుడు పూర్తిగా తెలిసింది.

"రేపు పోయి సంతకం పెడ్త" అన్నాడు. మల్లిక ముఖం తిప్పుకుని ఏడ్చింది.

సోమవారం చౌరస్తాలో నల్లగొండ బస్సు కోసం నిలబడి ఉంటే, రోడ్డు అవతలనుంచి సావిత్రమ్మ వచ్చింది. చంకలో ప్లాస్టిక్ కవరు. పలకరించలేదు. బస్సు ఎక్కి ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. నల్లగొండ వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. కంపెనీతో వేరే పొత్తు కుదుర్చుకోవడానికి పోతోందేమోనని యోహానుకు అనుమానం వచ్చింది. ఇక ఎవరిని నమ్మాలి?

బస్టాండులో దిగాక అతను కంపెనీ ఆఫీసు దారి పట్టాడు.

"అన్నా" అని పిలిచింది. "వకీలమ్మ యాడ కూసుంటది?"

అతనికి వెంటనే అర్థం కాలేదు. ఆమె కవరును రెండు చేతులతో పట్టుకుని ఉంది. వేళ్ళకు ఉల్లి వాసన ఇంకా పోలేదు.

"రాత్రంత మీ అమ్మ దగ్గు ఇనవడ్డది. నేను చెవులు మూసుకున్న. మూసుకున్నా ఇనవడ్డది" అంది. "ఆనాడు ఫొటో దిగేటప్పుడు గా ముసలామెనే కుర్చీ తెచ్చేసి, జర మంచిగ నవ్వు కృష్ణయ్యా అన్నది. మా గోడ చూపియ్యనీకి మాకు ఆనాడు సిగ్గైంది. ఇయ్యాల గూడ సిగ్గుపడితే నేను మనిషినే కాదు. నడువు, నా మనసు మారకముందే."

యోహాను ఆ ఆడమనిషి ముందు రెండు చేతులూ జోడించాడు. బస్టాండు అని కూడా చూడలేదు.

కాయితంలో ఉంది. నాలుగో పేజీలో, అడుగున. తూర్పు: గుర్వమ్మ ఇల్లు. సుహాసిని ఆ లైను కింద పెన్సిల్‌తో గీత గీసి, ఊపిరి వదిలింది. "సంతకం పెట్టకుండ వచ్చిండ్రు చూడండి, అదే మన బలం" అంది. తను బస్సెక్కింది సంతకం పెట్టడానికేనని యోహానుకు తెలుసు.

అర్జీ అదే వారం పడింది. వృద్ధురాలు బయట పడుకుంటోందని సుహాసిని పట్టుబట్టడంతో పదో రోజుకు విచారణకు వచ్చింది. హైదరాబాదులో ఆ గది చిన్నది, ఫ్యాన్ల చప్పుడు పెద్దది. కంపెనీ వకీలు నోటీసులు అతికించామని ఫొటోలు ఇచ్చాడు. రెండింటిలోనూ చిలకాకుపచ్చ గోడే, చిక్కుడు పూలే. విచారణ జరిపే పెద్దాయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని ఫొటోలను, నాలుగో పేజీని పక్కపక్కన పెట్టుకున్నాడు.

"మీ కాయితం ప్రకారం తూర్పున ఉన్నది ఎవరి ఇల్లు?"

కంపెనీ వకీలు చదివాడు. వాయిదా అడిగాడు. పెద్దాయన ఇవ్వలేదు. రెండు రోజుల్లో తాళం తీయాలి. ఆ ఇంటివాళ్ళకు ఖర్చులూ, నష్టపరిహారమూ కంపెనీయే కట్టాలి. ఇంకొకటి కూడా అన్నాడు. అది ఇంగ్లీషులో కావడంతో సావిత్రమ్మ బయటికొచ్చాక సుహాసినిని అడిగింది.

"నోటీసులు మీ ఇంటికి అతికించలేదు కద. అంటే మీకు నోటీసే ఇయ్యనట్టు. ఇప్పటిదాంక మీ మీద చేసిందంత కొట్టేసిండ్రు. మళ్ళ మొదటినుంచి చెయ్యాలె" అంది సుహాసిని. "అప్పు పోలేదమ్మా. టైమొచ్చింది. ఆ టైముల కృష్ణయ్యను దేవులాడండి, కంపెనీతోటి మాట్లాడుదం."

ఇల్లు అప్పజెప్పడానికని కాయితం తెస్తే, ఆ కాయితమే ఇంటికి ఇంకొన్నాళ్ళు కాపలా అయింది. సావిత్రమ్మ మెట్ల మీద కూర్చుని, కాయితాలు ఒక్కొక్కటే కవరులో సర్దుకుంది.

శుక్రవారం విజేందర్ వచ్చి తాళం తీశాడు. యోహాను చేత రసీదు మీద సంతకం తీసుకుని, పక్కింటి వైపు ఒకసారి చూసి, "మళ్ళొస్తం" అన్నాడు. ఈసారి ఆ ఇల్లు ఎవరిదని ఎవరినీ అడగలేదు.

గుర్వమ్మ తన కుర్చీలో గడపలో కూర్చుంది. మల్లిక ఇల్లు కడుగుతోంది. యోహాను గరుకు కాయితం తీసుకుని గోడ మీది ఎర్ర అక్షరాలను గీకడం మొదలుపెట్టాడు. ఎరుపుతోపాటు ఆకుపచ్చా ఊడొచ్చింది, చిక్కుడు పూలూ ఊడొచ్చాయి. జారిన 'ఖా' అన్నిటికంటే లోతుగా పట్టుకుంది. తను రాసిన గోడలు గుర్తొచ్చాయి. అవి గీకడానికి ఎవరికి ఎన్ని పూటలు పట్టిందో ఎన్నడూ అనుకోలేదు. ఇక ఆ పని చెయ్యనని మల్లికతో పొద్దుననే చెప్పాడు. ఆమె "మరి తిండి?" అని అడగలేదు. అడగనందుకు అతనికి ఇంకా భయమైంది.

"ఇంద అన్నా."

సావిత్రమ్మ చెంబుతో నిలబడి ఉంది. యోహాను చేతులు తుడుచుకుని చెంబు అందుకున్నాడు. గోడ పని మధ్యలో ఉండగా ఎవరైనా నీళ్ళివ్వడం అతనికి ఇదే మొదటిసారి. ఎత్తి పట్టి గటగటా తాగాడు.

"మళ్ళొస్తరంట గద" అంది ఆమె. "అప్పుడు నా గోడ మీద నువ్వే రాయన్నా. గా వంకర రాతలు నాకొద్దు. నా పేరు మంచిగుండాలె."

ఆమె నవ్వులాటకే అన్నదో, నిజంగానే అన్నదో తెలియలేదు. యోహాను చెంబు పట్టుకుని ఆమె ఇంటి వైపు చూశాడు. ముసురుకు తడిసిన వట్టి ఇటుకలు, సందుల్లో ఇసుక.

"నీ గోడ మీద ఎవడూ రాయలేడు చెల్లె" అన్నాడు. "పూత లేని ఇటుక రంగును తాగేస్తది. ఎంత పెద్ద పెయింటర్ వచ్చినా అక్షరం నిలవదు."

సావిత్రమ్మ తన గోడను, మూడేళ్ళ కింద ఎవరికీ చూపించలేకపోయిన ఆ గోడను, తిరిగి చూసుకుంది.

"అట్లనా?" అంది. "మరైతే గిట్లనే ఉండనీ."

ఖాళీ చెంబు అందుకుని ఇంటిలోకి వెళ్ళింది. ఆ రోజు పరదా వేయలేదు.